కదిరి దారిలో బడి కబుర్లు

జూలై మొదట్లో కదిరి వైపు ఎవరిని పలకరించినా ముందు వాన సంగతే వస్తుంది. దుక్కులు దున్ని పెట్టుకున్నారు. చెనిక్కాయలు ఒలిచి విత్తనం ఇంట్లో సిద్ధంగా ఉంచుకున్నారు. ఒక్క పదును వాన పడితే ఇంటిల్లిపాదీ చేలోకి పోవడమే. ఈ ఊరి పేరు పెట్టుకున్న వేరుశనగ రకాలు, కదిరి-6, కదిరి లేపాక్షి లాంటివి, ఇక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పుట్టి రాష్ట్రాలు దాటిపోయాయి. విత్తనం అంత దూరం పోయిన ఈ నేల మీద బడి కబురు ఎంత దూరం పోతోంది, ఎవరి దగ్గర మొదలై ఎవరి దగ్గర ఆగుతోంది అన్నది చూడాలని బయలుదేరాను.

ఆ రోజు 2025 జూలై 10, వ్యాస పూర్ణిమ. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ, ప్రైవేటు బడులు కలిపి 61 వేల చోట్ల మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టిన రోజు. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, విద్యామంత్రి నారా లోకేశ్ ఇదే జిల్లాలోని కొత్తచెరువు ఉన్నత పాఠశాలకు వచ్చారు. ఇది రెండో విడత. మొదటిది 2024 డిసెంబరు 7న జరిగింది, అప్పుడు వాళ్లు బాపట్ల వెళ్లారు. నేను పెద్ద సభ వైపు పోలేదు. కదిరి దాటాక ములకలచెరువు దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న ఒక పల్లెలో బస్సు దిగి అక్కడి ప్రాథమిక పాఠశాలకు నడిచాను.

గేటుకు మామిడాకుల తోరణం కట్టారు. వాకిట్లో తల్లులు ముగ్గులేస్తున్నారు, పోటీ కూడా ఉందట. పిల్లలు తమ చేతులతో రాసి ఇళ్లకు పట్టుకెళ్లిన ఆహ్వాన పత్రాలు కొందరి కొంగుల్లో, కొందరి చొక్కా జేబుల్లో కనబడుతున్నాయి. చేలో పని ఎప్పుడు పిలుస్తుందో తెలియని రోజుల్లో కూడా అంతమంది వచ్చారంటే నాకు సంతోషమేసింది. తల్లిదండ్రులకు బడి మీద పట్టింపు లేదని బడుల్లో తరచూ వినబడే మాట. కుర్చీలు చాలక గోడవారన నిలబడిన ఆ ఊరివాళ్లను చూస్తే ఆ మాట అనడానికి ఎవరికీ నోరు రాదు.

వచ్చినవాళ్లందరూ అమ్మానాన్నలు కారు. ఈ ప్రాంతం నుంచి బెంగళూరుకు కట్టడాల పనికి, ఇంకా అవతలికి కేరళకు, ఏటా కుటుంబాలు వలసపోతాయి. పిల్లలు అవ్వాతాతల దగ్గర ఉంటారు. నా పక్కన కూర్చున్న అవ్వ అలాగే వచ్చింది. నాలుగో తరగతి మనవరాలు ఆమె చేతిలో ప్రోగ్రెస్ కార్డు పెట్టి తోటిపిల్లల దగ్గరికి పరుగెత్తింది. అవ్వ ఆ కార్డును తిప్పి తిప్పి చూసి నాకిచ్చింది.

"ఇందులో ఏం రాసినారో చెప్పు సామీ."

చదివాను. తెలుగులో ఏ గ్రేడు, లెక్కల్లో ఏ గ్రేడు, హాజరు ఎంత, ఎత్తు, బరువు. అవ్వ అంతా శ్రద్ధగా వింది. విని ఒక మాట అడిగింది.

"దినామూ రాత్రి నా దగ్గర కత చెప్పించుకుంటాది ఈ పాప. చెప్పిన కత మళ్లా నాకే చెప్తాది, ఒక్క మాట పోనీకుండా. అది యాడన్నా రాసిండారా దీంట్లో?"

కార్డు మళ్లీ మొదటి నుంచి చివరిదాకా వెతికాను. ఆ సంగతి ఎక్కడా లేదు. లేదని చెప్తే అవ్వ తలూపి, కార్డు మడిచి సంచిలో పెట్టుకుంది. ఆమె ముఖంలో కోపం లేదు, నిరాశ కూడా లేదు. బడిలో అది ఉండదని ఆమెకు ముందే తెలుసన్నట్టుంది. నన్ను ఎక్కువగా బాధపెట్టింది అదే.

తర్వాత కార్యక్రమం నడిచింది. తండ్రులకు తాడులాగుడు పోటీ పెట్టారు. తల్లి పేరు మీద మొక్క నాటారు. డొక్కా సీతమ్మ పేరుతో నడుస్తున్న మధ్యాహ్న భోజనాన్ని ఆ పూట పెద్దలకూ వడ్డించారు. పిల్లల పక్కన కూర్చుని తింటూ తల్లులు అన్నం పలుకు పట్టి చూశారు, పప్పు రుచి మీద పక్కవాళ్లతో మాట్లాడుకున్నారు. ఆ అరగంటలో వాళ్లు బడి గురించి మాట్లాడినంత మైకు ముందు మాట్లాడలేదు. వంట వాళ్లకు తెలిసిన విద్య. తెలిసిన దాని గురించి ఎవరైనా గొంతు విప్పి మాట్లాడతారు.

మైకు ముందు లేచిన ప్రశ్న ఒక్కటే. బడి యాజమాన్య కమిటీ సభ్యురాలైన ఒక తల్లి అడిగింది: తల్లికి వందనం పథకం కింద పదిహేను వేలని చెప్పి, బడి నిర్వహణకని రెండు వేలు మినహాయించి పదమూడు వేలు మా ఖాతాల్లో వేశారు కదా, మా బడికి ఆ రెండు వేలతో ఏమేం చేస్తారు? హెడ్మాస్టరు దాటవేయలేదు. తన దగ్గరికి ఇంకా లెక్క రాలేదని, వచ్చాక గోడ మీద రాయిస్తానని చెప్పాడు. చప్పట్లు కొట్టింది ఎక్కువగా ఆడవాళ్లే.

ఇలాంటి కమిటీలు మనకు కొత్త కాదు. ఉమ్మడి రాష్ట్రంలోనే 1998లో బడి నిర్వహణలో ఊరి భాగస్వామ్యం కోసం ఒక చట్టం తెచ్చారు. 2009 విద్యాహక్కు చట్టం దేశమంతటా బడి యాజమాన్య కమిటీలు ఉండాలంది. సభ్యుల్లో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు కావాలి. ఆంధ్రలో 2024 ఆగస్టు 8న ఈ కమిటీలకు ఎన్నికలు జరిగాయి. చట్టం బాగానే ఉంది. కానీ ఆ పల్లెలో నాకు తీర్మానాల పుస్తకం చూపించినప్పుడు అందులో కనిపించింది పై నుంచి వచ్చిన విషయాలకు కింద పెట్టిన సంతకాలు, వేలిముద్రలు. ఊరి నుంచి బడికి చేరిన ఒక్క విషయం కోసం చాలా పేజీలు తిరగేయాల్సి వచ్చింది. చివరికి దొరికిందల్లా ప్రహరీ గోడ పక్క నుంచి మేకలు లోపలికొస్తున్నాయన్న ఫిర్యాదు.

అయ్యవార్ల కష్టం కూడా చెప్పాలి. ఆ హెడ్మాస్టరు ఫోనులో పొద్దున్నే మొదలయ్యే పని నేను దగ్గరుండి చూశాను. హాజరు, భోజనం, మరుగుదొడ్లు, అన్నిటి వివరాలూ యాప్‌లో ఎక్కించాలి, ఫోటోలు తీసి పంపాలి. ఆ ఫోటోలన్నీ పైకి పోతాయి. ఊళ్లోకి రావు. ఊరికో వాట్సాప్ గ్రూపు ఉంది గానీ అవ్వ దగ్గరున్నది బటన్ల ఫోను. బెంగళూరులో ఉన్న తల్లి ఆ గ్రూపులో ఉన్నా, పని నుంచి గుడిసెకు చేరేసరికి రాత్రవుతుంది. దండోరా వేసే కాలంలో ఊళ్లో ఒక ఇంటికి తెలిసిన కబురు అన్ని ఇళ్లకూ తెలిసేది. ఇప్పుడు బడి గురించి పక్కనున్న ఇంటికి తెలియని సంగతి అమరావతిలో తెరమీద కనిపిస్తోంది.

మర్నాడు పల్లెవెలుగు ఎక్కి మదనపల్లె వైపు సాగాను. ములకలచెరువు దాటిన దగ్గర్నుంచి టమోటా బాక్సులతో ఆటోలు, మినీ లారీలు ముందొకటి వెనకొకటి. నల్లరాతి గుట్టలు, వాటి మధ్య డ్రిప్పు పైపులు పరిచిన ఎర్రమళ్లు, కట్టెలు పాతి దారాలు కట్టి నిలబెట్టిన టమోటా మొక్కలు. మదనపల్లె మార్కెట్టులో ధర ఎంత పలికిందన్న ముచ్చట బస్సులో ముందు సీటు నుంచి వెనక సీటుకు నిమిషాల్లో చేరిపోయింది. ఒకరి ఫోనులోంచి ఒకరికి, ఫోను లేనివాళ్లకు నోటితో. అవసరమున్న కబురుకు ఎవరూ దారి వేయక్కర్లేదు.

మదనపల్లె చదువుల ఊరు. అనిబిసెంట్ పూనికతో 1915లో వెలసిన కళాశాల ఇక్కడుంది. 1919లో రవీంద్రనాథ్ టాగూరు ఆ కళాశాలలో బస చేసినప్పుడే జనగణమనను ఇంగ్లీషులోకి తెచ్చుకున్నారు. జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టింది ఈ ఊళ్లోనే. ఆయన ఆలోచనతో వచ్చిన రిషివ్యాలీ ఇక్కడికి పదిహేను పదహారు కిలోమీటర్ల దూరం. రిషివ్యాలీ అనగానే చాలామందికి పెద్ద ఊళ్ల పిల్లలు చదివే వసతి పాఠశాలే గుర్తుకొస్తుంది. నేను పోయింది దానికోసం కాదు. ఆ లోయ చుట్టూ పల్లెల్లో అదే సంస్థ నడిపే చిన్న బడుల కోసం.

1980ల్లో పద్మనాభరావు, రమ దంపతులు అక్కడ గ్రామీణ విద్యా కేంద్రం పని తలకెత్తుకున్నారు. అప్పటి పల్లె బడి అంటే ఒకే గది, ఒకే అయ్యవారు, అయిదు తరగతులు. పిల్లవాడు మేకలు కాయడానికి పోతే పది రోజులు రాడు. వచ్చేసరికి పాఠం ముందుకు పోయి ఉంటుంది. ఇక వాడు వెనకబడ్డవాడని తేల్చేస్తారు. ఆ దంపతులు దానికి విరుగుడుగా పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. ప్రతి కార్డుకూ ఒక బొమ్మ గుర్తు. గోడ మీద నేర్చుకునే నిచ్చెన ఒకటి. పిల్లవాడు తాను ఏ మెట్టు మీద ఉన్నాడో ఆ గుర్తును బట్టి తానే చూసుకుని, తన కార్డు తెచ్చుకుని కూర్చుంటాడు. పది రోజులు రాకపోయినా ఆగిన మెట్టు దగ్గర్నుంచే మొదలుపెడతాడు. కొందరు అయ్యవారి దగ్గర, కొందరు తోటివాళ్ల దగ్గర, కొందరు సొంతంగా. ఈ సరంజామా అంతటికీ పెట్టెలో బడి అన్న పేరొచ్చింది.

ముందుగా అనుమతి అడిగి వాటిలో ఒక బడికి వెళ్లాను. చెట్ల కింద ఒక గది, చుట్టూ పిల్లలూ ఊరివాళ్లూ కలిసి పెంచిన తోట. లోపల ఎత్తైన బల్ల, కుర్చీ ఏవీ లేవు. పిల్లలు గుంపులుగా నేల మీద కూర్చున్నారు. అయ్యవారు ఎక్కడున్నారో వెతుక్కుంటే ఒక గుంపులో చాప మీద కనిపించారు. ఆయన ఆ చుట్టుపక్కల పల్లెవారే. పిల్లల్లో సగం మంది ఇళ్లు ఆయనకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఫలానా పిల్లవాడు రెండు రోజులుగా ఎందుకు రాలేదంటే, వాళ్లింట్లో ఆవు ఈనిందని పిల్లలే చెప్పారు. ఈ కబురును ఆయన ఎక్కడా ఎక్కించలేదు. ఆ పిల్లవాడు వచ్చాక దూడ గురించి అందరికీ చెప్పాలని మాత్రం అన్నారు.

కదిరి దారిలో అవ్వ అడిగిన ప్రశ్న ఆయనకు చెప్పాను. ఆయన లేచి తట్టల్లోంచి కొన్ని చదువు కార్డులు తెచ్చి నా ముందు పరిచారు. పల్లెల్లో పెద్దవాళ్లు చెప్పే కథలను సేకరించి, పిల్లలు చదువుకునే పాఠాలుగా మలిచిన కార్డులవి. నక్కలు, రాజులు, గయ్యాళి అత్తలు, తెలివైన చిన్న కోడళ్లు, అన్నీ ఉన్నాయి. భాష ఈ ప్రాంతపు భాష. తల్లులు, అవ్వలు బడికొచ్చి కథ చెప్పడం ఇక్కడ పండగరోజు వేడుక కాదు, చదువులో భాగం. ఒకామె కథ చెబుతుంటే పిల్లలు వింటారు, తర్వాత తమ మాటల్లో రాస్తారు, బొమ్మలేస్తారు, తోలుబొమ్మలు కాకపోయినా కాగితపు బొమ్మలతో ఆడతారు.

"చదువు రాని తల్లి బడి గుమ్మం దాకా వచ్చి అక్కడే నిలబడిపోతాది సార్," అన్నారాయన. "చెప్పు, నువ్వు చెప్పేది మాకు కావాల అంటే లోపలికొచ్చి కూర్చుంటాది. ఒక్కతూరి కూర్చున్నాక ఇంక భయం లేదు. మా పిల్లోడికి కూడికలు రావట్లేదు ఎందుకని అప్పుడడుగుతాది."

వరస చూడండి. ముందు కథ, తర్వాత కూడికలు. మనం సాధారణంగా తల్లిని పిలిచి మొదట చెప్పేది కూడికలు రావడం లేదనే. అదీ ఆమె తప్పన్నట్టు చెబుతాం. పిల్లల చదువు గురించి తల్లిదండ్రులతో మాట్లాడాలంటే ముందు వాళ్ల దగ్గరున్నది ఏదో ఒకటి బడి తీసుకోవాలి, తీసుకుని వాడుకోవాలి. నేను ఈ ప్రయాణమంతా వెతికింది బహుశా ఈ ఒక్క సంగతి కోసమే.

లెక్కల సంత గురించి కూడా అక్కడే వివరంగా విన్నాను. మెట్రిక్ మేళా అంటారు. పిల్లలే అంగళ్లు పెడతారు. ఒకచోట తక్కెడ, ఒకచోట కొలత టేపు, ఒకచోట లీటరు కొలపాత్రలు. ఊరివాళ్లు రావాలి, తమ ఎత్తు కొలిపించుకోవాలి, బరువు తూయించుకోవాలి, సరుకు కొని చిల్లర సరిచూసుకోవాలి. ఇక్కడ పిల్లలు పంతుళ్లు, పెద్దలు విద్యార్థులు. గుమ్మడికాయ బరువు ముందు చేత్తో ఎత్తి అంచనా కట్టించి, తర్వాత తూచి చూపిస్తారు. ఆ అంచనాలో పిల్లలకన్నా తల్లులే దగ్గరగా చెబుతారని అయ్యవారు చెప్పినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. రోజూ బరువులు మోసే చేతులవి. అదే సమయంలో కాటా మీది అంకె చదవడం కొడుకు దగ్గర నేర్చుకున్న తల్లి, రేపు మండీలో తన బాక్సుల బరువు తానే చూసుకుంటుంది. బడిలో పిల్లవాడు ఏం నేర్చుకుంటున్నాడో కాగితం మీద చదవనక్కర్లేకుండా, వాడు తన ముందే చేసి చూపిస్తుంటే చూస్తుంది. ఇంతకన్నా మంచి ప్రోగ్రెస్ కార్డు ఏముంటుంది?

ఇదంతా ఒక సంస్థ అండతో, ఏళ్ల తరబడి ఓపికతో, కొద్ది బడుల్లో సాధ్యమైన పని. వేల బడులున్న ప్రభుత్వానికి ఇలా కుదురుతుందా అని అడిగేవాళ్ల సందేహం న్యాయమైనదే. కానీ ఈ పద్ధతి ప్రభుత్వ బడుల్లోకి పోయింది కూడా. 1990ల్లో కర్ణాటకలో మైసూరు వైపు హెచ్.డి. కోటె ప్రాంతపు టీచర్లు ఇక్కడికొచ్చి చూసి, నేర్చుకుని, నలి-కలి పేరుతో తమ బడుల్లో మొదలుపెట్టారు. 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు అందుకున్నాయి, అక్కడి నుంచి తమిళనాడు అంతటా వ్యాపించింది. కార్డులు అక్కడికి చేరాయి, నిచ్చెన చేరింది, నేల మీద గుంపులుగా కూర్చోవడం చేరింది. రాష్ట్రమంతటికీ ఒకేచోట అచ్చయ్యే కార్డులో మాత్రం ఒక పల్లె అవ్వ కథకు చోటుండదు. ఆ చోటు ఏ ఊరికా ఊరి బడి ఖాళీగా ఉంచుకోవాలి. దానికి డబ్బు అక్కర్లేదు, వారానికి ఒక గంట కావాలి. ఆంధ్రలో శనివారం పుస్తకాల సంచి లేని రోజుగా పెట్టారు కదా, ఆ గంటను అక్కడ వెతుక్కోవచ్చు.

బడి కబురు ఊరి కబురు అయితే ఏమవుతుందో తెలుగు నేల ఇంకోచోట కూడా చూసింది. 1990ల్లో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో శాంతా సిన్హా నడిపిన ఎం.వి. ఫౌండేషన్ పనివాళ్లు బడి బయట ఉన్న ప్రతి పిల్లనూ ఊరి ముందు చర్చకు తెచ్చారు. ఎవరి పిల్లవాడు ఏ ఆసామి దగ్గర జీతముంటున్నాడో ఊళ్లో అందరికీ ముందూ తెలుసు. తెలిసినా అది ఆ ఇంటి సొంత గొడవగా ఉండేది. యువకులు, సర్పంచులు, టీచర్లు, చివరికి ఆసాములు కూడా కూర్చుని మాట్లాడాక అది ఊరి బాధ్యత అయింది. వేలాదిమంది పిల్లలు పని మాని బడి బాట పట్టారు. 2003లో శాంతా సిన్హాకు మెగసెసె పురస్కారం వచ్చింది. పిల్లల చదువు మీద పేదలకు ఆసక్తి లేదన్న నమ్మకాన్ని ఆ పల్లెలు పునాదితో సహా పెకిలించాయి. అయినా ఆ నమ్మకం మన మాటల్లో ఇంకా బతికే ఉంది, ప్రతి మీటింగులోనూ వినబడుతూనే ఉంది.

తిరుగు ప్రయాణంలో మదనపల్లె బస్టాండులో ఒకామె పరిచయమైంది. టమోటా దించి ఊరికి పోతోంది. మాటల్లో తానూ వాళ్ల ఊరి బడి కమిటీలో సభ్యురాలినని చెప్పింది. ఏం చేస్తారమ్మా అని అడిగితే, "పిలుస్తారు, పోతాము, సంతకం పెడతాము, వస్తాము," అంది. చట్టంలో ఇంకా ఉందని చెప్పాను. బడికి ఏమేం కావాలో రాసుకునే అభివృద్ధి ప్రణాళిక ఆ కమిటీయే తయారు చేయాలని విద్యాహక్కు చట్టం 22వ సెక్షన్ చెబుతోంది, అంటే రాసే హక్కు మీది, ఇతరులు రాసిన దాని కింద సంతకం పెట్టడం ఒక్కటే కాదు అన్నాను. ఆమె కాసేపు ఆలోచించింది. ఆ నంబరు ఒక చీటీ మీద రాసిమ్మంది. రాస్తుంటే ఆపి, "దాని కింద ఇంకోటి కూడా రాయి సార్," అంది.

"పొద్దున పూట మీటింగు పెడితే నాకు కూలి పోతాది. నాకే కాదు, మా ఊళ్లో అందరికీ. వానొచ్చి విత్తనాలు పడినాయంటే ఒక్కరు కూడా రారు. సాయంత్రం దీపాలు పెట్టినాక పెట్టమని రాయి."

"ఇంకేమైనా రాయాలా?" అన్నాను.

"అదొక్కటి చాలు. అందరమూ వచ్చి కూర్చున్నాక మిగతావి మేమే చెప్పుకుంటాం."